చెవులను కప్పే హెడ్‌ఫోను – మేలు, కీడు

సంహితా శ్లోకాల రికార్డింగులు వినడానికి చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోనును మూడేళ్లుగా వాడుతున్నాను. బయటి చప్పుళ్లను కొంత అడ్డగిస్తుంది కనుక ధ్వనిని అధికంగా పెంచే అవసరం ఉండదు. ఇది దాని గుణం.

దోషమూ ఉంది. మా సోంపేట వంటి సముద్రతీర ప్రాంతాల్లో ఉక్కపోత ఎక్కువ. మెత్తల కింద చెమట నిలుస్తుంది. రెండో వేసవికే వాటి పైపొర పెచ్చులూడింది. చెవిలో తడి నిలిస్తే దురద, బూజు పుట్టవచ్చు. అరగంటకొకసారి తీసి గాలి తగలనివ్వాలి. మెత్తలను పొడిగుడ్డతో తుడవాలి. ఒకరిది మరొకరు వాడరాదు.

అసలు ప్రమాదం ధ్వనితోనే. పెద్ద శబ్దాలను మితిమీరి వినడం శ్రవణేంద్రియానికి ‘అతియోగం’ అని చరకసంహిత చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలు 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు. 90 డెసిబెల్స్ అయితే 4 గంటలే. లోపలి చెవిలోని రోమకణాలు నశిస్తే మళ్లీ పుట్టవు. కర్ణపూరణ తైలం కూడా పోయిన వినికిడిని తిరిగి తేలేదు; చీము కారే చెవిలో, పొరకు చిల్లుపడిన చెవిలో నూనె వేయనే కూడదు.

ధ్వనిని గరిష్ఠ స్థాయిలో 60 శాతం దాటనీయకండి. చెవిలో హోరు మానకపోతే వైద్యునికి చూపించండి. హఠాత్తుగా వినికిడి తగ్గితే గృహచికిత్సలతో కాలయాపన చేయక, ఆనాడే చెవి వైద్యనిపుణుని వద్దకు వెళ్లండి.