కుక్కపిల్ల ఇంటికి వచ్చిన వేళ: ఒక రసాయన శాస్త్రజ్ఞుని గమనికలు

మన ఊళ్ళలో కుక్క అనగానే చాలామందికి గుర్తుకు వచ్చేది వాకిట్లో పడుకొని, మిగిలిన అన్నం తిని, రాత్రిపూట ఇల్లు కాచే ప్రాణి. కొంత కలిగినవారి ఇళ్ళలో పొమేరియన్ అని పిలుచుకొనే తెల్లని బొచ్చుకుక్క ఉండేది. నిజానికి వాటిలో చాలా భాగం ఇండియన్ స్పిట్జ్ జాతికి చెందినవి. బ్రిటన్‌కు వచ్చిన తరువాత ఈ అనుబంధపు తీరు మారిపోయింది. ఇక్కడ కుక్క స్థానం వాకిలి కాదు, ఇంటి నడిబొడ్డు. పిల్లలు అడగగా అడగగా పెద్దలు చివరకు సరేనని షిట్జూ, యార్క్‌షైర్ టెర్రియర్, చివావా వంటి చిన్నజాతి కుక్కపిల్లను తెచ్చుకోవడం మన తెలుగు కుటుంబాలలోనూ కనబడుతున్నది. మా ఇంటికి కూడ ఒక షిట్జూ అలాగే వచ్చింది.

కొత్తగా వచ్చిన పిల్లకు ప్రేమ కరువు కాదు. కరువయ్యేది కొలత. రెండు కిలోల ప్రాణిని మన కొలతలతో, లేదా మనం ఎరిగిన పెద్ద కుక్కల కొలతలతో చూడడం వల్లనే తొలి వారాలలో చిక్కులు వస్తాయి. ఆహారమైనా, నిద్రయినా, భయమైనా, విషమైనా దాని శరీర ప్రమాణాన్ని బట్టి లెక్కించుకోవాలి. ఈ వ్యాసంలో వివరింపదలచినది అదే.

తెచ్చుకొనే ముందు

ఇంగ్లండులో 2020 ఏప్రిల్ 6 నుండి ‘లూసీ చట్టం’ అమలులో ఉన్నది. దీని ప్రకారం ఆరు నెలలలోపు కుక్కపిల్లలను దళారీలు వ్యాపారంగా అమ్మరాదు. పెంపకందారు వద్దనే, తల్లితో కలిసి ఉండగా చూసి తీసుకోవాలి. లేదా అనాథ జంతువుల ఆశ్రయం నుండి తెచ్చుకోవాలి. ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను తల్లి నుండి వేరు చేయరాదు. 2016 నుండి కుక్కలకు మైక్రోచిప్ తప్పనిసరి. అమ్మకానికి ముందే పెంపకందారు అది వేయించి ఉండాలి. ఆ పత్రంలో మన పేరు, చిరునామా మార్పించుకోవడం మరువరాదు.

వచ్చేటప్పుడు రెండు వస్తువులు అడిగి తెచ్చుకోవాలి. ఒకటి, అప్పటివరకు పిల్ల తింటున్న ఆహారం. కొత్త ఆహారాన్ని దానిలో కొద్దికొద్దిగా కలుపుతూ వారం రోజులలో మార్చుకుంటే విరేచనాలు పట్టుకొనే ప్రమాదం తగ్గుతుంది. రెండవది, తల్లి పడుకొన్న గుడ్డ ముక్క. దాని ప్రయోజనం ముందు చెబుతాను.

చిన్న శరీరపు లెక్క

ఒక ఘనపు భుజాన్ని సగం చేస్తే దాని ఉపరితలం నాలుగవ వంతు అవుతుంది. ఘనపరిమాణం ఎనిమిదవ వంతు అవుతుంది. అనగా, ప్రతి గ్రాము శరీరానికి బయటి గాలి తగిలే చర్మం రెట్టింపు అయిందన్నమాట. అందువలన చిన్న ప్రాణి తన వేడిని త్వరగా కోల్పోతుంది. ఆ వేడిని నిలుపుకొనేందుకు బరువును బట్టి చూస్తే ఎక్కువ ఇంధనం కావాలి. అయితే ఇంధనాన్ని గ్లైకోజెన్ రూపంలో నిలువ చేసుకొనే కాలేయం, కండరాలు మాత్రం ఇంకా పసివి. పూట తప్పితే రక్తంలో గ్లూకోజు పడిపోతుంది. మరీ చిన్న జాతులలో ఇది తరచు కనబడే అపాయం.

కాబట్టి తొలి నెలలలో రోజుకు నాలుగు పూటలు, కొంచెం కొంచెంగా పెట్టాలి. పిల్ల తూలినా, వణికినా, పిలిస్తే పలుకక మగతగా పడి ఉన్నా దానిని అలసట అనుకోరాదు. చిగుళ్ళకు కొంచెం తేనె రాసి వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. పిల్లలు ముచ్చటపడి దానిని రోజంతా ఆడించడం కూడ మంచిది కాదు. ఈ వయసులో అది రోజులో అధిక భాగం నిద్రపోవాలి. మొదటి శనివారమే బంధుమిత్రులందరినీ చూడడానికి పిలిచే అలవాటు మనకున్నది. దానిని ఒక వారం వాయిదా వేసుకోవడం ఉత్తమం.

తొలి రాత్రులు

అంతవరకు తల్లి పొట్టకు ఆనుకొని, తోబుట్టువుల మధ్య నిద్రించిన పిల్ల, ఒక్కసారిగా చీకటి వంటగదిలో ఒంటరిగా మిగులుతుంది. ఏడ్చి ఏడ్చి అదే అలవాటు పడుతుందని పూర్వం చెప్పేవారు. నేడు నిపుణులు ఆ సలహా ఇవ్వడం లేదు. మొదటి కొన్ని రాత్రులు దాని పడకను మన మంచం పక్కనే ఉంచుకొని, తరువాత రోజుకు కొంత దూరం జరుపుతూ దాని స్థానానికి చేర్చాలి. మన శ్వాస వినబడడమే దానికి చాలినంత ధైర్యం.

ఇక గుడ్డ ముక్క సంగతి. కుక్కకు ప్రపంచం ప్రధానంగా వాసనలతో నిర్మితమైనది. పిల్లలకు పాలిచ్చే తల్లి, స్తనాల మధ్య చర్మ గ్రంథుల నుండి కొవ్వు ఆమ్లాలకు సంబంధించిన కొన్ని పదార్థాలను విడుదల చేస్తుందని ఫ్రాన్సుకు చెందిన పాట్రిక్ పజా 1990ల దశకంలో గుర్తించాడు. ఆ మిశ్రమాన్ని కృత్రిమంగా తయారుచేసి గోడ ప్లగ్గులకు తగిలించే పరికరాలలో అమ్ముతున్నారు. దాని ఫలితంపై జరిగిన పరిశోధనలన్నీ ఏకాభిప్రాయానికి రాలేదు. తల్లి వాసన ఉన్న గుడ్డకు మాత్రం ఖర్చు లేదు, హాని అంతకంటె లేదు.

వాసన రెండు విధాల పనిచేస్తుంది. ఒకసారి తడిపిన చోటునే పిల్ల మళ్ళీ మళ్ళీ తడపడానికి కారణం అదే. అమోనియా ఉన్న ద్రావకాలతో తుడిస్తే మూత్రపు వాసనను పోలిన వాసననే మనం మళ్ళీ అద్దినవారమవుతాము. ‘బయొలాజికల్’ అని పెట్టెపై ముద్రించిన బట్టల సబ్బు పొడిని గోరువెచ్చని నీటిలో కలిపి తుడవడం మేలు. దానిలోని ఎంజైములు వాసనకు కారణమైన సేంద్రియ పదార్థాలను విచ్ఛిన్నం చేస్తాయి. మరుగుతున్న నీరు వాడితే ఎంజైములు పనికిరాకుండా పోతాయి. తుడిచిన చోటు కడిగి ఆరేవరకు పిల్లను రానివ్వరాదు. ఇంతకంటె ముఖ్యమైనది సమయపాలన: నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే, మిగిలిన వేళల్లో రమారమి రెండు గంటలకొకసారి తోటలోకి తీసుకొనిపోవాలి. పని ముగించగానే అక్కడికక్కడే మెచ్చుకోవాలి. ఇంట్లో తడిపినందుకు తిడితే, మనం చూడని చోట తడపడం మాత్రమే నేర్చుకుంటుంది.

పరిచయాల వయస్సు

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, బార్ హార్బర్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు కుక్కపిల్లల ప్రవర్తనపై సుదీర్ఘ కాలం పరిశోధన జరిపి 1965లో గ్రంథంగా ప్రచురించారు. సుమారు మూడవ వారం నుండి పన్నెండవ వారం వరకు పిల్ల కొత్త వాటిని భయం లేకుండా స్వీకరిస్తుందని వారు తేల్చారు. అదే ప్రయోగశాలలో 1961లో ప్రచురితమైన మరొక పరిశోధనలో, పద్నాలుగు వారాల వరకు మనుష్యుల పొడ లేకుండా పెరిగిన పిల్లలు ఆ తరువాత మనుష్యులకు మాలిమి కావడం దుస్సాధ్యమైంది.

పిల్ల ఎనిమిది వారాలకు మన ఇంటికి వస్తే, ఆ గడువులో మనకు మిగిలేది కొద్ది వారాలే. టీకాలు పూర్తి కానందున నేలపై నడిపించడానికి వీలుండదు. అందుకని ఇంట్లోనే దాచిపెట్టరాదు. చేతులలో ఎత్తుకొని బస్సుల చప్పుడు, గొడుగులు, గడ్డాలవారు, చీరల రెపరెపలు, ప్రెషర్ కుక్కర్ ఈల, పూజగంట అన్నీ దూరం నుండి చూపించాలి, వినిపించాలి. చిన్నజాతి కుక్కలు ఊరికే మొరుగుతాయనే అపవాదుకు ఒక కారణం, మనం వాటిని ఈ వయస్సులో ప్రపంచానికి పరిచయం చేయకపోవడమే.

మన వంటగది

ఇక నా వృత్తికి దగ్గరైన విషయానికి వస్తాను. మా పిల్లకు పదకొండు వారాల వయస్సు, 1.8 కిలోల బరువు ఉన్నప్పుడు ఉగాది వచ్చింది. ఇండియా నుండి మా అమ్మగారు వచ్చి ఉన్నారు. పులిహోర కలుపుతూ, కాళ్ళ దగ్గర చేరిన కుక్కపిల్లకు ఒక ముద్ద పెట్టారు. “నాలుగు మెతుకులే కదా నాన్నా, నోరు లేనిది, ఆశగా చూస్తున్నది” అన్నారు. నేను అక్కడే ఉన్నాను. అడ్డు చెప్పలేదు.

సాయంత్రానికి పిల్ల రెండుసార్లు వాంతి చేసుకొని, తల వాల్చేసింది. ఫోనులో పశువైద్యురాలు ఏమి తిన్నదని అడిగింది. అన్నం అన్నాను. అందులో ఏమున్నదని అడిగింది. పసుపు, వేరుశనగపప్పు, మిరపకాయలు అని చెబుతూ, “చింతపండు” అనగానే నాకే మాట ఆగిపోయింది.

ద్రాక్ష, ఎండుద్రాక్ష తిన్న కొన్ని కుక్కలకు మూత్రపిండాలు దెబ్బతింటాయని చాలాకాలంగా తెలుసు. కారణమేమిటో తెలియదు. ఇంట్లో చేసిన ఆటపిండిని, బేకింగులో వాడే క్రీమ్ ఆఫ్ టార్టార్‌ను తిన్న కుక్కలకు కూడ అదే వ్యాధి రావడం గమనించి, అమెరికాలోని జంతు విష నిపుణులు 2021లో టార్టారిక్ ఆమ్లాన్ని అనుమానించారు. 2022లో ప్రచురించిన వ్యాసంలో చింతపండు తిన్న కుక్కలను కూడ చేర్చారు. టార్టారిక్ ఆమ్లం అత్యధికంగా ఉండే పండ్లలో చింతపండు ఒకటి. మన పులుపంతా అదే. ఉడికించినా అది చెక్కుచెదరదు. ద్రాక్ష రకాన్ని, పండిన స్థితిని బట్టి ఆమ్లపు పాలు మారుతుంది కనుకనే కొన్ని కుక్కలకు ఏమీ కాకపోవడం, కొన్నింటికి ప్రాణం మీదికి రావడం జరుగుతున్నదని వారి భావన.

1848లో లూయీ పాశ్చర్ ఈ ఆమ్లపు లవణ స్ఫటికాలను కుడి, ఎడమలుగా వేరుచేసి ఒక శాస్త్ర శాఖకే పునాది వేశాడు. నేను ప్రయోగశాలలో ఎన్నో సంవత్సరాలుగా దానితో పనిచేస్తున్నాను. అయినా ఆ సీసాలోని తెల్లని పొడికి, మా ఇంటి పులిహోరకు ఉన్న సంబంధం ఆ ఉదయం నాకు తట్టలేదు. పిల్లను రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి సెలైన్ ఎక్కించారు. రోజూ రక్తంలో క్రియాటినిన్ పరీక్షించారు. మూడవరోజు అది ఇంటికి వచ్చింది. వాంతులకు పులిహోరే కారణమని రుజువు చేయలేను. కాని సందేహం ఉన్నచోట ప్రయోగం చేయడానికి అది ప్రయోగశాల కాదు.

మిగిలిన పదార్థాల లెక్క ఇది. చాక్లెట్టులోని థియోబ్రొమిన్‌ను కుక్క శరీరం చాలా నెమ్మదిగా విసర్జిస్తుంది. కిలో బరువుకు సుమారు 20 మిల్లీగ్రాములు దాటితే లక్షణాలు కనబడతాయి. మిల్క్ చాక్లెట్టు గ్రాములో సుమారు 2 మిల్లీగ్రాములుంటుంది. 30 కిలోల లాబ్రడార్ 300 గ్రాములు తింటే వచ్చే స్థితి, మా పిల్లకు 18 గ్రాములతో వస్తుంది. నల్లని చాక్లెట్టయితే ఒకటి రెండు ముక్కలు చాలు. ఉల్లి, వెల్లుల్లిలోని గంధక సమ్మేళనాలు ఎర్ర రక్త కణాలలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సీకరించి, ఆ కణాలు పగిలిపోయేటట్లు చేస్తాయి. కిలోకు 15 గ్రాముల ఉల్లి నుండే రక్తంలో మార్పులు మొదలు కావచ్చును. అనగా మా పిల్లకు ఒక చిన్న ఉల్లిపాయలో సగం. వేయించినా, ఉడికించినా ఈ గుణం పోదు. పంచదార లేని చూయింగ్ గమ్ములలో వాడే జైలిటాల్ మనకు నిరపాయకరం. కుక్కలో మాత్రం అది ఇన్సులిన్‌ను ఒక్కసారిగా విడుదల చేయించి గ్లూకోజును పడగొడుతుంది. కిలోకు 0.1 గ్రాము చాలు.

ఇటువంటివి తిన్నదని తెలిస్తే లక్షణాల కోసం వేచి ఉండరాదు. ఉప్పునీరు తాగించి వాంతి చేయించే ఇంటి వైద్యం మరింత ప్రమాదకరం. పిల్ల బరువు, తిన్న పదార్థం, పరిమాణం, సమయం కాగితంపై వ్రాసుకొని పశువైద్యునికి ఫోను చేయాలి. చింతపండు, ఇడ్లీ సాంబారు, కిస్మిస్ వేసిన పాయసం అంటే ఇక్కడివారికి తెలియకపోవచ్చును. అందులో ఏమున్నదో చెప్పవలసిన బాధ్యత మనదే.

టపాకాయల రాత్రి

ఈ దేశంలో దీపావళి, నవంబరు 5 నాటి బాణసంచా పండుగ ఇంచుమించు కలిసి వస్తాయి. మామూలు రోజులలో ఇంగ్లండులో రాత్రి 11 గంటల తరువాత బాణసంచా కాల్చరాదు. దీపావళి రాత్రి ఒంటిగంట వరకు అనుమతి ఉన్నది. ఆ రాత్రి పిల్లను చీకటి పడకముందే బయట తిప్పి తెచ్చి, కర్టెన్లు వేసి, రేడియో పెట్టి, నక్కడానికి ఒక మూల కల్పించాలి. భయపడిన పిల్లను దగ్గరకు తీసుకుంటే భయం పెరుగుతుందనడం అపోహ.

ప్రతి శాస్త్రానికి తొలి పాఠం తూనిక. మా వంటగది గోడపై నేడు కుక్కపిల్ల బరువు వ్రాసిన చీటీ, దాని కింద పెట్టకూడని పదార్థాల పట్టిక ఉన్నాయి. పట్టికలో మొదటి పేరు చింతపండు. దానిని తెలుగులో, గుండ్రని అక్షరాలతో వ్రాసినది మా అమ్మగారు. ఆదివారాలు ఆమె విజయవాడ నుండి ఫోను చేసినప్పుడు, మనుమల కుశలం అడిగిన తరువాత అడిగే ప్రశ్న, దాని పూట తప్పకుండా పెడుతున్నామా అని.