అమ్మమ్మగారి ఇల్లు ఎవరిది?

పరీక్షలు ముగిసి బడులు మూసే ఏప్రిల్ నెలాఖరులో ఆంధ్రదేశపు రైల్వే స్టేషన్లకు ఒకప్పుడు ప్రత్యేకమైన కళ వచ్చేది. ఒక ఇనుప ట్రంకు పెట్టె, చుట్టిన పరుపు, మరచెంబులో మంచినీళ్ళు, చంకలో పసిబిడ్డ, కొంగు పట్టుకొని మరి ఇద్దరు ముగ్గురు పిల్లలు, వారిని మాటిమాటికీ లెక్కపెట్టుకుంటూ ఒక తల్లి. సాగనంపడానికి వచ్చిన తండ్రి కిటికీ దగ్గర నిలబడి జాగ్రత్తలు చెప్పేవాడు. ఆయనకు సెలవు లేదు. రైలు కదిలిన తరువాత ఆ తల్లి ముఖంలో వచ్చే మార్పును పిల్లలెవరూ గమనించేవారు కారు. వారి ధ్యాస అంతా గోదావరి ఎప్పుడు వస్తుందన్న దాని మీదే. రాజమహేంద్రవరం దగ్గర 1900లో తెరచిన హేవలాక్ వంతెన మీద 1997 వరకు రైళ్ళు నడిచాయి. రోడ్డూ రైలూ కలిసిన మరో వంతెన 1974లో వచ్చింది. ఏ వంతెన మీద వెళ్ళినా, నదిలోకి విసరడానికి పిల్లల పిడికిళ్ళలో ఒక్కొక్క నాణెం చెమటతో తడుస్తూ ఉండేది.

తెలుగువారు ఇంటి పెద్దలను అంతటా ఒకే పేరుతో పిలవరు. కోస్తాలో తండ్రి తల్లి నాయనమ్మ, మామ్మ, బామ్మ. తెలంగాణలో ఆమె బాపమ్మ. రాయలసీమలో జేజి, అవ్వ, అబ్బ అన్న పిలుపులు వినిపిస్తాయి. పిలుపులెన్ని ఉన్నా వేసవి ప్రయాణం మాత్రం ఎక్కువగా తల్లి పుట్టింటికే సాగేది. నాయనమ్మ ఉండే ఇంటికి ప్రయాణమై వెళ్ళవలసిన పని చాలామంది పిల్లలకు లేదు. వారు పెరిగేదే ఆ ఇంట, లేదా ఆ ఇంటి నీడన. అమ్మమ్మగారి ఊరు మాత్రం వెళ్ళవలసిన ఊరు. తొలికాన్పు పుట్టింట జరిపే ఆచారం వల్ల ఎందరికో అదే పుట్టిన ఊరు కూడాను.

గోదావరి పాయల నడుమనున్న కోనసీమలో ఈ ప్రయాణం రైలు దిగడంతో ముగిసేది కాదు. పంటు మీద నది దాటాలి. అవతలి రేవులో తాతగారు పంపిన బండి వేచి ఉండేది. అక్కడినుంచి కాలువగట్టు వెంట, కొబ్బరితోటల నీడలో, ఎద్దుల మెడగంటలు వింటూ సాగాలి. సర్ ఆర్థర్ కాటన్ తలపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత డెల్టాను సస్యశ్యామలం చేసిన ఆ కాలువలు వేసవిలో కొన్ని వారాలు మాత్రం ఎండిపోయేవి. పూడిక తీయడానికి, మరమ్మతులకు నీరు కట్టివేసే ఆ రోజులు పిల్లల సెలవులతో చక్కగా కలిసివచ్చేవి. ఏడాది పొడుగునా పడవలు తిరిగే చోట బిళ్ళంగోడు ఆడుకొనే భాగ్యం డెల్టా పిల్లలకే దక్కింది.

ఇల్లంటే మండువా లోగిలి. నాలుగు వైపులా గదులు, వసారాలు. నడుమ ఆకాశానికి తెరచిన మండువా. పెంకుల మీద పడిన వాన నలువైపుల నుంచీ దానిలోకి జారేది. మే నెలలో ఉన్నట్టుండి గాలివాన లేస్తే చూరు కింద బిందెలు, గంగాళాలు పెట్టడానికి పెద్దలు పరుగెత్తేవారు. తోటలో రాలుతున్న మామిడికాయలను తలచుకొని పిల్లలకు నిద్ర పట్టేది కాదు. వీధి అరుగు తాతగారి రాజ్యం. పెరడు అమ్మమ్మది. అక్కడ దాలిగుంటలో పిడకల సెగ మీద పాలకుండ పొద్దుటినుంచి సాయంత్రం దాకా పొంగకుండా, చల్లారకుండా కాగేది. పాలు ఎర్రబడి, పైన మీగడ రొట్టెలా కట్టేది. ఆ మీగడ తోడుకున్న పెరుగుతో, ఆవకాయ బద్దతో తిన్న చద్దన్నపు రుచిని గురించి యాభై ఏళ్ళ తరువాత కూడా మాట్లాడే పెద్దమనుషులు ఎందరో ఉన్నారు. పొద్దున్నే లేచి దాలి రాజవేసింది ఎవరని అడిగితే మాత్రం వారు ఒక్క క్షణం ఆలోచించవలసి వస్తుంది.

ఇది కలిగిన ఇళ్ళ కథే కావచ్చు. మండువా ఇళ్ళు లేనివారికీ అమ్మమ్మలు ఉండేవారు. తాటాకు ఇంట్లో మనవలను కూర్చోబెట్టి కూలికి వెళ్ళి, పొద్దుగూకిన తరువాత కొంగున ముడివేసి తెచ్చిన మరమరాలను అందరికీ సమంగా పంచిన అమ్మమ్మ జ్ఞాపకం, మీగడ పెరుగుకు ఏ విధంగానూ తీసిపోదు.

అరుగు మీద పడక కుర్చీలో ఆంధ్రపత్రిక చదువుకొనే తాతగారికి కోపం ఎక్కువని ప్రతీతి. ఆ కోపాన్ని నమ్మినవారు ఇంట్లో ఎవరూ లేరు. ఎండలో బయటికి వెళితే కాళ్ళు విరగ్గొడతానని కర్ర చూపే ఆయనే, ఎండ చల్లబడగానే తాటికాయలు కొట్టించి, ముంజలోకి బొటనవేలు దింపి నీరు చిందకుండా జుర్రుకొనే విద్య నేర్పేవారు. తిన్న కాయలకు పుల్ల గుచ్చి బండి చేసి ఇచ్చేవారు. రాత్రి పెరట్లో నవారు మంచాలు వరుసగా వేసి, ఉత్తరాన సప్తర్షులను, ఆగ్నేయాన తోక ఎత్తుతున్న వృశ్చికాన్ని చూపుతూ ఎక్కాలు అప్పజెప్పించుకొనేవారు. పదమూడో ఎక్కం దగ్గర తడబడినవాడికి మరునాటి సంతలో పావలా తక్కువ. ఆ పావలా రహస్యంగా అమ్మమ్మ ఇచ్చేదనీ, ఇస్తుందని తాతగారికి తెలుసుననీ వేరే చెప్పనక్కరలేదు.

చదువు చెప్పే బాధ్యత అన్ని ఇళ్ళలోనూ తాతగారిదే కాదు. 1906లో మద్రాసులో పుట్టిన ఆంగ్ల రచయిత ఆర్. కె. నారాయణ్ పురసవాక్కంలో అమ్మమ్మ పెంపకంలో పెరిగాడు. తండ్రి మైసూరు సంస్థానంలో ఉపాధ్యాయుడు. కుంజప్పా అని ముద్దుగా పిలిచే ఆ అమ్మమ్మే అతడికి లెక్కలు, పురాణాలు, సంగీతం, సంస్కృతం నేర్పింది. నెమలి, కోతి ఆ ఇంటి సభ్యులు. అందరు పిల్లలూ సెలవులకు అమ్మమ్మ దగ్గరికి వెళితే, ఈ పిల్లవాడు తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళేవాడు. 1974లో వెలువడిన ఆయన ఆత్మకథ ఆ అమ్మమ్మ ఇంటిలోనే మొదలవుతుంది.

మళ్ళీ కోనసీమకు వద్దాం. మే నెలలో ఇంటిల్లిపాదికీ పని కల్పించే ఉత్సవం ఆవకాయ. కొత్తపల్లి కొబ్బరి కాయలు బుట్టలతో దిగేవి. వాటిని కడిగి, పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టడం పిల్లల వంతు. పెద్ద కత్తిపీట ముందు కూర్చుని టెంకతో సహా ముక్కలు కొట్టడం మగవారి వంతు. ఏడాదికొకసారి వారు వంటకు చేసే ఉపకారం అదొక్కటే. ఆవపిండి, కారం, ఉప్పు కొలిచి కలపడం మాత్రం అమ్మమ్మ మరొకరికి వదిలేది కాదు. తడిచెయ్యి తగలరాదు, తడిగుడ్డ ఆ దరిదాపులకు రారాదు. మూడోనాడు మళ్ళీ తిరగకలిపి, ఉప్పు చూసి, నూనె పోసి, జాడీలకు వాసెన కట్టేవారు. కలిపిన పళ్ళెంలో వేడివేడి అన్నం వేసి, మిగిలిన గుజ్జుతో ముద్దలు చేసి పిల్లల చేతుల్లో పెట్టేవారు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా రెండో ముద్దకు చెయ్యి చాపనివాడు లేడు.

ఎన్ని జాడీలు, ఏ జాడీ ఎవరికి అన్న లెక్క అమ్మమ్మ మనసులో ఉండేది. పెద్దమ్మాయికి ఒకటి, వెల్లుల్లి తినని రెండో అమ్మాయి అత్తవారికి వేరుగా ఒకటి, బొంబాయిలో ఉన్న మూడో అమ్మాయికి రైల్లో ఒలకకుండా సీలు వేయించిన డబ్బా ఒకటి. అప్పడాలు, వడియాలు, తాండ్ర చాపల మీద ఎండి వీటికి తోడయ్యేవి. పొలం కొడుకులది. జాడీలు కూతుళ్ళవి.

ఇంత సందడిలో పిల్లల కళ్ళబడని మనిషి ఒకరున్నారు. ఆమె వారి తల్లి. అత్తవారింట అందరికన్నా ముందు లేచి అందరి తరువాత తినే ఆమె, ఇక్కడ ఎండ మంచం మీదికి వచ్చేదాకా నిద్రపోయేది. అక్కడ ఆమె కోడలు, వదిన, ఫలానా పిల్లవాడి అమ్మ. ఇక్కడ ఆమెను చిన్ననాటి ముద్దుపేరుతో పిలిచేవారు. అమ్మమ్మ ఆమెను పీట మీద కూర్చోబెట్టి, తలకు నూనె అంటి, కుంకుడు రసంతో తలంటి, సాంబ్రాణి పొగ వేసేది. ముప్పై ఏళ్ళ మనిషి తన తల్లి ఒడిలో తల పెట్టుకొని పడుకుంటే పిల్లలు వింతగా చూసేవారు. అమ్మకు కూడా అమ్మ ఉంటుందన్న సంగతి వారికి అప్పుడే తెలిసేది. ఆ నెల రోజులూ ఆమె కూడా సెలవులోనే ఉండేది. విసుగూ కసురూ లేని తల్లి పక్కన ఉంటే ఏ ఇల్లైనా పిల్లలకు స్వర్గంలానే తోస్తుంది. అమ్మమ్మగారి ఇంటి మాధుర్యంలో సగం అమ్మదే.

మరి ఆ సెలవుకు మూల్యం చెల్లించింది ఎవరు? మొదట అమ్మమ్మ. ఆ తరువాత, జ్ఞాపకాల్లో సాధారణంగా కనిపించని మరొకరు: మేనమామ భార్య, అత్తయ్య. పది పదిహేనుమందికి పొద్దున్నే నీళ్ళు కాచింది, సాయంత్రం దీపపు గ్లాసులు తుడిచింది ఆమే. ఆమెకూ ఒక పుట్టిల్లు ఉంది. అక్కడా ఒక తల్లి ఎదురు చూస్తూ ఉంది. అయితే ఆడపడుచులు తిరిగి వెళ్ళిన తరువాత గాని ఆమెకు ప్రయాణం లేదు. అప్పటికి బడులు తెరిచే వేళ దగ్గరపడేది.

తల్లి తల్లికీ మనవలకూ గల ఈ బంధాన్ని శాస్త్రజ్ఞులు కూడా పట్టించుకున్నారు. పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియా పల్లెల్లో 1950 నుంచి సేకరించిన వివరాలను పరిశీలించి, రెబెక్కా సియర్, రూత్ మేస్, ఇయాన్ మెక్‌గ్రెగర్ 2000లో ఒక పరిశోధన ప్రకటించారు. అమ్మమ్మ జీవించి ఉన్న పసిపిల్లలు ఎక్కువ పుష్టిగా పెరిగారనీ, ఎక్కువమంది బతికారనీ అందులో తేలింది. నాయనమ్మ ఉండడం వల్ల అటువంటి తేడా కనిపించలేదు. నాయనమ్మలు నొచ్చుకోనక్కరలేదు; అది గాంబియా సంగతి.

ఇక పేర్ల విషయం. హిందీవారికి అది నానీ ఇల్లు, ననిహాల్. బెంగాలీలకు మామార్ బాడీ. మరాఠీవారికి మామాచా గావ్. అంటే మేనమామ ఇల్లు, మేనమామ ఊరు. తెలుగువారు ‘గారు’ చేర్చి మరీ అమ్మమ్మగారి ఇల్లు అంటారు. పిలుపులో అంతటి గౌరవం పొందిన ఇల్లాలి పేరు ఆ ఇంటి దస్తావేజులో ఉండడం మాత్రం బహు అరుదు. ఆ విషయంలో బెంగాలీలు, మరాఠీవారు నిజం చెప్పారనుకోవాలి. మేఘాలయలోని ఖాసీలలో పూర్వులనాటి ఇల్లు కడగొట్టు కూతురిది. అమ్మమ్మ తరువాత కూడా ఆ గడప ఆడపిల్లల చేతిలోనే ఉంటుంది. కేరళలోని మాతృవంశ కుటుంబాల్లో పిల్లలు తల్లి తరవాడులోనే పుట్టి పెరిగేవారు గనుక, వారు చుట్టపుచూపుగా వెళ్ళింది తండ్రి ఇంటికి. ఆ ఉమ్మడి వ్యవస్థను రద్దు చేసిన కేరళ చట్టం 1976లో అమలులోకి వచ్చింది.

తెలుగునాట కథ వేరు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం తండ్రి ఆస్తిలో కూతురికి కొంత హక్కు ఇచ్చింది. కాని, కుటుంబం కాపురముంటున్న ఇంటిలో భాగం పంచమని అడిగే అధికారం, మగ వారసులు తామై పంచుకొనేదాకా, ఆమెకు లేదని అదే చట్టంలోని 23వ సెక్షన్ చెప్పింది. ఆ ఇంట నివసించే హక్కు అవివాహితకు, వితంతువుకు, భర్త విడిచిన స్త్రీకి, భర్తకు దూరమైన స్త్రీకి మాత్రమే. భర్తతో సుఖంగా ఉన్న కూతురు పుట్టింటికి రావచ్చు, అతిథిగా. ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానమైన హక్కు కల్పించింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. 23వ సెక్షన్ అప్పుడే రద్దయింది.

ఈలోగా ప్రయాణాల దిశ మారిపోయింది. అమ్మమ్మే కూతురి పురుటికి డల్లాస్‌కో సిడ్నీకో విమానంలో వెళుతున్నది. ఆవకాయ ఆమె వెంట ప్లాస్టిక్ సంచుల్లో వెళుతున్నది. ఊళ్ళో మండువా ఇంటికి తాళం పడింది. ఎండకు పెంకులు పగిలి, చెదపట్టిన దూలాలు వంగిన తరువాత, ఎప్పుడో ఒకనాడు ఇల్లు అమ్మకానికి వస్తుంది. కొనేవాడికి కూతుళ్ళ సంతకాలు కూడా కావాలి.

హక్కు ఉన్నప్పటికీ ఆడపిల్లలు అనేకులు వాటాను అన్నదమ్ములకే వదిలివేస్తారు. ఆర్థికశాస్త్రవేత్త బీనా అగర్వాల్ 1994లో స్త్రీల భూమిహక్కుపై వెలువరించిన గ్రంథంలో దీనికి గల కారణాన్ని చర్చించారు. కష్టం వచ్చిన నాడు వెళ్ళడానికి ఒక గడప మిగలాలన్నదే వారి ఆరాటం. వాటా అడిగితే పుట్టిల్లు పోతుందన్న భయం చట్టానికి అందనిది.

అందుకే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో హక్కు విడుదల పత్రం మీద సంతకం చేసిన అప్పచెల్లెళ్ళను ఆనాడు అన్నగారు ఇంటికి భోజనానికి పిలుస్తారు. వదినగారు బొట్టుపెట్టి, చీర చేతికిస్తారు. వేసవి రోజులైతే చీరతో పాటు కొత్త ఆవకాయ కూడా ఉంటుంది. తిరుగు బస్సులో సంచీని పైన పెట్టమని కండక్టరు అంటాడు. ఒలుకుతుందేమో అని ఆమె దాన్ని దిగేదాకా ఒళ్ళోనే పెట్టుకొని కూర్చుంటుంది.