కంప్యూటరుకి కరెంటు చాలుతుందా?



ఇంట్లో కంప్యూటరు పాతబడితే పిల్లలు ఏమంటారు? "కొత్తది వద్దులే అమ్మా, మంచి గ్రాఫిక్ కార్డొకటి వేయిస్తే చాలు" అంటారు. పొదుపైన మాటే. కాని నలుగురు చుట్టాలొస్తే, ముగ్గురికి వండే గిన్నెలో అన్నం సరిపోతుందా? అందుకే కార్డు కొనేముందు పెట్టె వెనకవైపున్న ఎస్.ఎం.పి.ఎస్. సంగతి చూడాలి.

గోడ ప్లగ్గులో వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగాలకు పంచేది ఇదే. ప్రాసెసరూ, గ్రాఫిక్ కార్డూ ముఖ్యంగా 12 వోల్టుల మీదే నడుస్తాయి.

ఇంటి జమాఖర్చులాగే లెక్క వేద్దాం. 65 వాట్లని రాసి ఉన్నా, పని ఎక్కువైనప్పుడు 110 వాట్లు దాటే ప్రాసెసర్లున్నాయి. 120 అనుకుందాం. ఎన్విడియా ఆర్‌టిఎక్స్ 3060 కార్డుకు 170. బోర్డు, డిస్కు, ఫ్యాన్లకు 60. మొత్తం 350. కార్డు ఒక్కో క్షణం అంతకంటే ఎక్కువే లాగుతుంది. అందుకే ఆ కంపెనీవారు 550 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. ఉండాలన్నారు.

అయితే పైన రాసిన పెద్ద అంకె చూసి మోసపోకండి. పక్కనున్న చీటీలో 12 వోల్టుల గడి చూడండి. అక్కడి ఆంపియర్లను 12తో హెచ్చవేయండి. పైన 450 అని ఉన్నా, 16 ఆంపియర్లే ఉంటే వచ్చేది 192 వాట్లు. మన ప్రాసెసరు, కార్డు రెంటికే 290 కావాలి కదా! ఆ కార్డుకి కావలసిన 8 పిన్నుల తీగ కూడా ఎస్.ఎం.పి.ఎస్.కే ఉండాలి. అతుకుల తీగలతో సరిపెట్టుకోకండి.

పట్నంలో కొన్న పెట్టె పట్నంలోనే ఉంటుందని లేదు. మీవారికో, అమ్మాయికో పార్వతీపురం మన్యం జిల్లా సీతంపేటకు బదిలీ అయిందనుకోండి. ఐ.టి.డి.ఎ. ఆఫీసు ఉన్న ఊరే గాని, చుట్టూ కొండలు. అలాంటిచోట గాలివానకు కొమ్మ విరిగి తీగమీద పడితే కరెంటు పోతుంది. లైను చివర ఉన్న ఇళ్ళకు వోల్టేజి తగ్గవచ్చు. వోల్టేజి తగ్గితే ఎస్.ఎం.పి.ఎస్. అదే పనికి ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కుతుంది. కనుక చీటీమీద "100–240 వోల్టులు" అని ఉన్న రకమే తీసుకోండి. "200–240" రకమైతే వోల్టేజి బాగా పడిపోయినప్పుడు ఆగిపోవచ్చు.

యు.పి.ఎస్. ఉందిగదా అంటారా? 600 వి.ఎ. యు.పి.ఎస్. మామూలుగా ఇచ్చేది 360 వాట్లే. లోపల 350 కావాలంటే, మార్పిడిలో పోయేదాన్ని కలుపుకుని బయటినుంచి 400 పైనే లాగుతుంది. అప్పుడు 1000 వి.ఎ.ది చూసుకోవాలి. మూడు పిన్నుల ప్లగ్గుకి ఎర్తు సరిగా ఉందో లేదో కూడా ఎలక్ట్రీషియను చేత చూపించండి.

మరో రెండు జాగ్రత్తలు. కొన్ని పాతరకాలకు వెనక ఎర్రటి మీట ఉంటుంది. అది 230 దగ్గరే ఉండాలి. 115కి జరిపితే కాలిపోతుంది. ప్లగ్గు తీసినా సరే, ఎస్.ఎం.పి.ఎస్. డబ్బా మాత్రం విప్పకండి. లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉండి షాకు కొడుతుంది.

నాసిరకం ఎస్.ఎం.పి.ఎస్. కాలిపోతే తనొక్కటే పోదు, బోర్డునీ డిస్కునీ వెంట తీసుకుపోవచ్చు. పిల్లల పాఠాలు, పెళ్ళి ఫోటోలు అందులోనే ఉంటాయి మరి! కార్డుకి పెట్టే డబ్బులో కొంత ముందు దీనికి కేటాయించండి.