జుట్టు రాలడం, కుంగుబాటు: రెండింటి వెనుక దాగే మూడో కారణం

స్త్రీలలో జుట్టు రాలడానికీ మానసిక కుంగుబాటుకూ సంబంధం ఉందని వైద్యులు చాలాకాలంగా అంగీకరిస్తున్నా, వాటిలో ఏది ముందు, ఏది వెనుక అన్న ప్రశ్నకు అందరికీ వర్తించే జవాబు లేదు. కొందరిలో జుట్టు పలచబడటంతో దిగులు మొదలవుతుంది, కొందరిలో తీవ్రమైన ఒత్తిడి ముందుగా వచ్చి జుట్టు తరువాత రాలుతుంది, మరికొందరిలో థైరాయిడ్ లోపం వంటి మూడో కారణం శరీరంలో దాగి ఉండి రెండింటినీ ఒకేసారి పుట్టిస్తుంది. తక్కువగా చర్చకు వచ్చేది ఈ చివరి వర్గమే గాని, సులువుగా నయమయ్యే అవకాశం ఎక్కువగా ఉన్నదీ అందులోనే.

తలపై ఉండే సుమారు లక్ష వెంట్రుకలలో ప్రతి ఒక్కటీ రెండు నుంచి ఆరేళ్లు పెరిగి, రెండు మూడు వారాల సంధి దశ దాటి, మూడు నెలల పాటు విశ్రాంతిలో ఉండి ఊడిపోతుంది కనుక, రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం సహజమే. తీవ్రమైన జ్వరం, శస్త్రచికిత్స, ప్రసవం, తిండిని ఒక్కసారిగా తగ్గించడం, ఆప్తుల మరణం వంటి దెబ్బ తగిలినప్పుడు, పెరుగుతూ ఉన్న కుదుళ్లలో ఎన్నో మూకుమ్మడిగా విశ్రాంతి దశలోకి వెళ్లిపోతాయి. టెలోజెన్ ఎఫ్లూవియం అని పిలిచే ఈ స్థితిలో కారణానికీ ఫలితానికీ నడుమ రెండు మూడు నెలల ఎడం ఉండటం వల్ల, దువ్వెన నిండా జుట్టు వస్తున్న వేళ చాలామంది కొత్త షాంపూనో ఊరి నీళ్లనో నిందిస్తారే తప్ప అంతకు ముందెప్పుడో తగ్గిపోయిన డెంగీ వంటి జ్వరాన్ని తలచుకోరు. 2021లో కొవిడ్ రెండో అల తగ్గిన తరువాత చర్మవైద్యుల దగ్గరకు వచ్చిన ఫిర్యాదులలో ఈ రకం జుట్టు రాలడం ముఖ్యమైనది.

మనసుకు తగిలిన దెబ్బ కుదురు దాకా ఎలా చేరుతుందన్నదానికి హార్వర్డ్ శాస్త్రవేత్త యా-చియే షూ బృందం 2021లో కొంత వివరణ ఇచ్చింది. ఎలుకలను దీర్ఘకాలం ఒత్తిడికి గురిచేసినప్పుడు, పెరిగిన ఒత్తిడి హార్మోను కుదుళ్ల అడుగున ఉండే కణాలపై పనిచేసి, జుట్టును తిరిగి మొలిపించే మూలకణాలను మేల్కొలిపే ప్రొటీన్‌ను అణచివేస్తున్నదని ఆ బృందం చూపింది. ఎలుకలలో తేలినది మనుషులకు యథాతథంగా అన్వయించదన్న జాగ్రత్త ఇక్కడ అవసరం.

రెండో దిశలో, అంటే జుట్టు పోవడం వల్ల కుంగుబాటు కలగడంలో, వైద్యులను తరచుగా తికమకపెట్టేది బాధ తీవ్రతకూ రాలిన జుట్టు పరిమాణానికీ పొంతన లేకపోవడం. తిరుమల కల్యాణకట్టలో మొక్కు తీర్చుకుని గుండుతో బయటికి వచ్చే స్త్రీకి ఆ పని తృప్తినే ఇస్తుంది, ఎందుకంటే నిర్ణయం ఆమెది, దాని అర్థం చూసేవారందరికీ తెలుసు, మళ్లీ మొలుస్తుందన్న భరోసా ఉంది. ఒకప్పుడు కొన్ని కులాలలో వితంతువులకు బలవంతంగా చేసిన శిరోముండనంలో ఇవేవీ లేవు. పాపిడి క్రమంగా వెడల్పై నడినెత్తి కనిపించే వంశపారంపర్య రకంలోనూ, శరీర రక్షణ వ్యవస్థే కుదుళ్లపై దాడి చేయగా గుండ్రని మచ్చలుగా జుట్టు ఊడే పేనుకొరుకుడులోనూ స్త్రీకి నిర్ణయం లేదు, భరోసా లేదు, పైగా పెళ్లిచూపులలోనూ పేరంటాలలోనూ జడ గురించి అడిగేవారికి కొదవ లేదు. ఫొటోలు తప్పించుకోవడం, శుభకార్యాలకు వెళ్లడం మానేయడం ఇలాగే మొదలవుతాయి.

మూడో కారణం బయటపడకుండా ఉండిపోయే ముఖ్యమైన సందర్భం బాలింత దశ. గర్భిణిగా ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల రాలకుండా నిలిచిన జుట్టు ప్రసవమైన సుమారు మూడు నెలలకు కుచ్చులుగా ఊడుతుంది, అదే కాలంలో ప్రసవానంతర కుంగుబాటూ రావచ్చు, కొందరిలో ప్రసవించిన ఏడాదిలోపు థైరాయిడ్ గ్రంథి వాచి దాని పనితీరు మందగించడమూ జరుగుతుంది. నీరసం, ఏడుపు, నిరాసక్తత, జుట్టు రాలడం అన్నీ బాలింతలకు మామూలేనని ఇంటివారు సరిపెట్టుకుంటే, చిన్న రక్తపరీక్షతో తెలిసే థైరాయిడ్ లోపం నెలల తరబడి చికిత్స లేకుండా ఉండిపోతుంది. ఇనుము లోపమూ ఇటువంటిదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో, తరచుగా ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం ఉంది. ఇన్ని ఇళ్లలో ఉండగల లోపాన్ని వదిలి నూనెలు మార్చడం వింతే. జుట్టు కోసం సొంతంగా వాడే బయోటిన్ మాత్రలు మోతాదు ఎక్కువైతే థైరాయిడ్ పరీక్ష ఫలితాలనే తారుమారు చేయగలవు కనుక, ఆ మాత్రల సంగతి రక్తం ఇచ్చే ముందే చెప్పాలి.

దిగులుగా ఉండటమో, ఇష్టమైన పనులపై ఆసక్తి పోవడమో రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ కొనసాగుతూ, నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతింటే దానిని కుంగుబాటుగా అనుమానించి మానసిక వైద్యుని సంప్రదించాలి. ప్రభుత్వ టెలి-మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ లభిస్తుంది. మనోవ్యాధులకు వాడే వాల్‌ప్రోయేట్, లిథియం వంటి కొన్ని మందుల వల్ల కూడా జుట్టు రాలవచ్చు గాని, వాటిని సొంతంగా ఆపితే అసలు జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది కనుక మార్పు వైద్యుడే చేయాలి. వంశపారంపర్యంగా జుట్టు పలచబడే రకానికి వాడే మినాక్సిడిల్‌ను గర్భిణులు, పాలిచ్చే తల్లులు వైద్యుని సలహా లేకుండా వాడకూడదు. అది మొదటి వారాలలో పాత వెంట్రుకలను మరింతగా రాల్చి ఆ తరువాతే కొత్తవాటిని మొలిపిస్తుంది, ఫలితం కంటికి కనిపించడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఈ సంగతి ముందుగా చెప్పకపోతే, అప్పటికే కుంగిపోయి ఉన్న స్త్రీ ఆ తొలి రాలుడును చూసి చికిత్స బెడిసికొట్టిందనుకుని మందు మానేస్తుంది.