ఏడో ఆటగాడు ఎవరు?

జనగామ జిల్లా బచ్చన్నపేటలో ఒక సాయంకాలం మీరు కబడ్డీ ఆడబోతున్నారనుకోండి. జట్టుకు ఏడుగురు కావాలి. మీ వైపు ఆరుగురే ఉన్నారు. ఏం చేస్తారు? గట్టు మీద కూర్చున్న వాణ్ణి బతిమాలి బరిలోకి దింపుతారు. వాడూ రానంటే ఆట కుదరదు.

సెల్‌ఫోన్‌లో జట్లుగా ఆడే తుపాకుల ఆటలకు ఈ చిక్కు లేదు. అక్కడ తక్కువైన ఆటగాడి చోట యంత్రమే నిలబడుతుంది. ఈ యంత్రపు ఆటగాణ్ణి 'బాట్' అంటారు.

1993లో వచ్చిన 'డూమ్' ఆటను ఒక్కరే ఆడవచ్చు. కంప్యూటర్లను కలిపి నలుగురూ ఆడవచ్చు. కాని అవి రెండూ వేరువేరు గదుల వంటివి. 2008లో వాల్వ్ సంస్థ పెద్దల కోసం తెచ్చిన 'లెఫ్ట్ ఫోర్ డెడ్' ఆటలో ఆ గోడ చాలావరకు తొలగిపోయింది. జట్టు ఎప్పుడూ నలుగురిదే. మీరొక్కరే వస్తే మిగిలిన ముగ్గురూ బాట్లే. మధ్యలో మిత్రుడు వస్తే ఒక బాట్ తప్పుకొని అతనికి చోటిస్తుంది!

మరి బాట్‌కు దారి ఎలా తెలుస్తుంది? ఆటస్థలాన్ని చిన్న చిన్న గళ్లుగా ఊహించండి. ఏ గడి నుంచి పోతే ఇంతవరకు నడిచిన దూరం, ఇకముందు నడవవలసిన దూరపు అంచనా కలిపి తక్కువవుతుందో, కంప్యూటర్ ముందుగా ఆ గడినే పరిశీలిస్తుంది. ఈ లెక్కను 1968లో అమెరికాలో ముగ్గురు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. దాని పేరు 'ఏ స్టార్'. కదిలే రోబోకు దారి చూపే ప్రయత్నంలో పుట్టిన లెక్క అది!

ఇంకో తమాషా వినండి. మీరెక్కడున్నారో కంప్యూటర్‌కు అణువంత తేడా లేకుండా తెలుసు. అది తలచుకుంటే గురి తప్పదు. అందుకే బాట్ కాస్త ఆలస్యం చేసేలా, అప్పుడప్పుడు పొరబడేలా కావాలనే తయారుచేస్తారు. కనుక బాట్‌ను ఓడించి మురిసిపోయే ముందు ఒక్క మాట గుర్తుంచుకోండి: ఆ గెలుపులో కొంత అది వదిలిపెట్టినదే!

సరే, అందరూ మనుషులే ఆడుతున్నారనుకుందాం. అప్పుడైనా యంత్రం పక్కకు తప్పుకుంటుందా? లేదు. మిత్రుడి కదలిక మీ ఫోన్‌కు చేరడానికి సెకనులో పదోవంతు పట్టిందనుకోండి. సెకనుకు 6 మీటర్లు పరుగెత్తే మనిషి ఆ లోపల 60 సెంటీమీటర్లు ముందుకు పోతాడు. అంటే వచ్చిన కబురు అప్పటికే పాతదన్నమాట! అందుకని చాలా ఆటల్లో, తర్వాతి కబురు అందేదాకా ఏం జరుగుతుందో ఫోన్ తనంతట తానే ఊహించి చూపుతుంది. జట్టు ఆట లోపల కూడా ఒక చిన్న ఒంటరి ఆట నడుస్తూనే ఉంటుంది.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. మైదానంలో మిత్రుణ్ణి తిన్నగా పరుగెత్తమనండి. కళ్లు మూసుకొని రెండు అంకెలు లెక్కపెట్టి, అతడు ఎక్కడ ఉంటాడో వేలితో చూపి కళ్లు తెరవండి. దాదాపు సరిపోతుంది. రెండోసారి తన ఇష్టం వచ్చిన వైపు మలుపు తిరగమనండి. మీ వేలు ఒకవైపు, మిత్రుడు మరొకవైపు! నెట్ సరిగా అందనప్పుడు తెర మీది మనుషులు ఒక్కసారిగా గెంతినట్లు కనిపించడానికి కారణం ఇదే. తప్పిన ఊహను ఫోన్ సరిదిద్దుకుంటున్నదన్నమాట.

తిన్నని పరుగును యంత్రం ఊహించగలదు. మీ మిత్రుడు ఏ క్షణాన ఎటు మలుపు తిరగాలనుకుంటాడో అతనికే తెలియాలి. ఏడో ఆటగాడి కోసం గట్టు మీది వాణ్ణి మనం అంతగా బతిమాలేది అందుకే కదా!