టాకీల కాలంలో మూకీ కారు!

1932లో ‘భక్త ప్రహ్లాద’తో మన తెలుగు బొమ్మకు నోరొచ్చింది. మూకీలు పోయి టాకీలొచ్చాయి. ఇప్పుడు శంషాబాద్ రోడ్డు మీద సరిగ్గా దానికి తలకిందుల కథ నడుస్తోంది. ఇన్నాళ్లూ గుర్రుగుర్రుమన్న కారు హఠాత్తుగా నోరు మూసుకుంది! ఆకుపచ్చ నెంబరు ప్లేటు తగిలించుకుని, పిల్లిలా మన పక్కనుంచే జారుకుంటోంది. అదేనండీ, ఎలక్ట్రిక్ కారు!

2008లో విమానాలు బేగంపేట వదిలి శంషాబాద్‌కు మకాం మార్చిన దగ్గర్నుంచీ ఈ వైపు కార్లకు కొదవ లేదు. తారలు విమానం దిగేదీ ఇక్కడే, షూటింగులకు పేరు పడ్డ అమ్మపల్లి రామాలయం ఉన్నదీ ఈ పక్కనే. 2019లో ఆర్టీసీ వారు విమానాశ్రయం రూట్లలో ఎలక్ట్రిక్ బస్సులు దించారు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ పందెంలో కరెంటు కార్లే పరుగులు తీశాయి. ఇదంతా చూసిన కుర్రకారు, మనమూ ఒకటి కొంటే పోలా అని మనసు పడుతోంది. మరి కొనొచ్చా? బాక్సాఫీసు లెక్క చూద్దాం రండి.

ముందు ముచ్చట్లు

క్లచ్ లేదు, గేర్లు మార్చే పని లేదు. ఆరాంఘర్ ట్రాఫిక్కులో ఎడమ కాలికి పూర్తి విశ్రాంతి. యాక్సిలరేటర్ మీద పాదం మోపీ మోపగానే బండి హీరో ఎంట్రీలా దూసుకుపోతుంది. ఎందుకంటే మోటారుకు బలమంతా మొదటి క్షణంలోనే వస్తుంది. పెట్రోలు ఇంజనులా వేగం పుంజుకునేదాకా ఆగక్కర్లేదు. ఇంకో గమ్మత్తు! బ్రేకు వేసినా, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీంచి కిందికి దిగుతున్నా, ఆ మోటారే జనరేటరై కాస్త కరెంటును బ్యాటరీలోకి తిరిగి పంపుతుంది. ఇంజను ఆయిలు మార్చే ఖర్చూ లేదు, పొగా లేదు.

ఇక డబ్బు సంగతి

మన హీరో కాపురం శంషాబాద్‌లో. ఆదివారం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మ్యాట్నీ చూసి రావాలి. రానూ పోనూ రమారమి 50 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారైతే, లీటరు 107 రూపాయల లెక్కన 350 పైచిలుకు ఖర్చు. చిన్న ఎలక్ట్రిక్ కారుకు 8 యూనిట్లు చాలు. ఇంటి మీటరు మీద యూనిట్‌కు 9.50 శ్లాబు పడినా 76 రూపాయలే! మిగిలిన 280తో ఇంకొకరికి టికెట్టు కొని, ఇంటర్వెల్లో సమోసా కూడా పెట్టించవచ్చు.

ఇంకేం, కొనేద్దాం అని లేవకండి. మనకింకా ఇంటర్వెల్ కాలేదు. 2022 సెప్టెంబరులో టాటా టియాగో ఎలక్ట్రిక్ కారు 8.49 లక్షల ప్రారంభ ధరతో వచ్చింది. అదే కారు పెట్రోలు రకం అప్పట్లో 5.40 లక్షల దగ్గర మొదలయ్యేది. తేడా మూడు లక్షలనుకుందాం. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. ఆ ధర పెట్రోలు కారుకు పన్ను 14 శాతం కాబట్టి, ఓ 75 వేలు కలిసొస్తాయి. అప్పటికీ తేడా రెండుంబావు లక్షలు.

దాన్ని 280తో భాగించండి. ఇంచుమించు 800 ట్రిప్పులు! రోజూ 50 కిలోమీటర్లు తిరిగే విమానాశ్రయం ఉద్యోగికి రెండేళ్ల పైచిలుకులో పెట్టుబడి తిరిగొస్తుంది. ఆదివారం సినిమాకు మాత్రమే బండి తీసే మన హీరోకో? పదిహేనేళ్లు! చాలా కార్ల బ్యాటరీ వారంటీయే ఎనిమిదేళ్లు. ఈలోగా హీరో కాస్తా తండ్రి వేషాలకు వచ్చేస్తాడు.

అసలు విలన్

అయితే అసలు విలన్ ధర కాదు, ప్లగ్గు! 24 యూనిట్ల బ్యాటరీ 15 ఆంపియర్ల ప్లగ్గు మీద నిండాలంటే ఎనిమిది తొమ్మిది గంటలు. సొంతిల్లు, కింద పార్కింగు ఉంటే రాత్రి ప్లగ్గు పెట్టి హాయిగా నిద్రపోవచ్చు. మూడో అంతస్తులో అద్దెకుంటే? కిటికీలోంచి వైరు వేలాడదీయలేం కదా! ఓనరు గారిని బతిమాలి విడిగా సబ్‌మీటరు పెట్టించుకోవాలి. ఆయన కుదరదంటే బయటి ఫాస్ట్ చార్జరే గతి. అక్కడ యూనిట్‌కు 20 రూపాయలనుకున్నా మ్యాట్నీ ప్రయాణానికి 160. పొదుపు 280 నుంచి 200 లోపుకి పడిపోయింది. పైగా చార్జి ఎక్కేదాకా అక్కడే పడిగాపులు.

ఔటర్ రింగు రోడ్డు ఎక్కినా జాగ్రత్తే. 2023 నుంచి అక్కడ 120 వేగం దాకా వెళ్లనిస్తున్నారు. కానీ వేగం పెరిగేకొద్దీ గాలిని చీల్చడానికే కరెంటంతా కరిగిపోతుంది. కంపెనీ వారు చెప్పే కిలోమీటర్లు పోస్టరు లాంటివి, సినిమా వేరు!

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! షోరూముకు వెళ్లే ముందు రెండు పనులు చేయండి. ఓ నెల రోజులు మీరు తిరిగే కిలోమీటర్లు డైరీలో రాయండి. తర్వాత ఓనరు గారి తలుపు తట్టండి. కిలోమీటర్లూ ఉండి, ప్లగ్గూ దొరికితే నిక్షేపంగా కొనండి. రెండూ లేవా? నాన్నగారి ప్రావిడెంటు ఫండు జోలికి, అక్క పెళ్లికి దాచిన సొమ్ము జోలికి పోకండి. విమానాశ్రయం ఎలక్ట్రిక్ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోండి. ఆ నిశ్శబ్దం, ఆ జోరు టికెట్టు డబ్బులకే దొరుకుతాయి. కారుదేముంది, మీ రోజులొచ్చినప్పుడు అదే వస్తుంది. శుభం!