బిరడా వదులైతే పడవకు గండమే
పాత ఫైబరు పడవల్లో అరిగిన తూములు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవలకు, మోటారు పడవలకు వేట నిషేధం. ఉప్పాడ, పూడిమడక, భీమిలి వంటి తీరాల్లో ఒడ్డెక్కిన ఫైబరు పడవలకు మరమ్మతులు చేయించుకోవడానికి ఇదే అదను. ఇంజను విప్పి బాగుచేయిస్తారు. వలలు అల్లుకుంటారు. పడవకు కొత్త రంగు వేయిస్తారు. అయితే వెనుక అమరం అడుగున ఉండే చిన్న తూమును పట్టించుకునేవారు మాత్రం తక్కువే.

వాన నీరు, కెరటాలు చిమ్మిన నీరు, చేపలు కడిగిన నీరు ఒడ్డుకు చేరాక బయటకు పోయేందుకు పెట్టినదే ఈ తూము. వెనుక బల్లలోంచి వెళ్లే చిన్న లోహపు గొట్టం, దాని అంచున పట్టీ, మర ఉన్న బిరడా, ఒక రబ్బరు వాషరు. ఇంతే సరంజామా.

చెక్క నావలున్న రోజుల్లో పలకల సందుల్లో పీచు, దూది కూరి గుగ్గిలం, నూనె పూసేవారు. అయినా నీరు ఊరేది. ఊరుతుందని అందరికీ తెలుసు కనుక తోడే మనిషి ఎప్పుడూ ఉండేవాడు. ఫైబరు వచ్చాక ఆ జాగ్రత్త సడలింది. ఫైబరులోకి నీరు రాదన్న ధీమాయే ఇందుకు కారణం. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత సాయంగా ఎన్నో ఫైబరు పడవలు తీరానికి వచ్చాయి. ఇప్పటికీ తిరుగుతున్న ఆ పడవల వయసు ఇరవై ఏళ్లు దాటింది. ఫైబరు గట్టిగానే ఉండవచ్చు గాని, అందులో మనిషి కావాలని పెట్టిన రంధ్రం ఒకటుందని మరువరాదు.

నిమిషానికి 40 లీటర్లు

25 మిల్లీమీటర్ల రంధ్రం నీటి మట్టానికి 30 సెంటీమీటర్ల దిగువన ఉండి బిరడా ఊడిపోతే, నిమిషానికి సుమారు 40 లీటర్ల నీరు లోపలికి వస్తుంది. గంటకు రెండు టన్నులకు పైమాటే. రాత్రి వల వేసి కూర్చున్నవారికి అడుగు బల్లల కింద చేరే నీరు కనబడదు. పడవ ఏ వైపు ఒరిగితే నీరు ఆ వైపుకే పరుగెత్తి ఇంకా ఒరిగిస్తుంది. పడవ బోల్తా పడేది అప్పుడే.

పాత అమరికలు చాలావరకు ఇత్తడివి. ఇత్తడిలో రాగి, జింకు ఉంటాయి. ఉప్పునీరు ఏళ్ల తరబడి జింకును తినేస్తే మిగిలేది గుల్లబారిన రాగి. పైకి రూపం చెడదు కనుక మోసపోవడం తేలిక. కత్తి మొనతో గీస్తే గుట్టు బయటపడుతుంది. పసుపుపచ్చగా మెరిస్తే ఫరవాలేదు. గులాబీ రంగు తేలితే దాని పని అయిపోయినట్టే. దీనికి తోడు ఒడ్డుకు లాగినప్పుడల్లా ఇసుక చేరి మరలు అరుగుతాయి.

కొత్తది కొనేటప్పుడు ఇత్తడి కన్నా కంచు గాని, గన్‌మెటల్ గాని మేలు. ధర ఎక్కువే, కాని పడవ విలువతో పోల్చితే అదొక ఖర్చు కాదు. ప్లాస్టిక్‌వి చవక. నాసిరకమైతే ఎండకు పెళుసెక్కి అంచు విరిగిపోతుంది. కంచుకు ఇనుప స్క్రూలు బిగించడం మరో పొరపాటు. ఉప్పునీటిలో రెండు లోహాలు కలిస్తే బ్యాటరీలా పనిచేసి ముందుగా ఇనుమును తినేస్తాయి.

పాతదాన్ని ఉలితో కొట్టి ఊడదీయరాదు. చుట్టూ పైపూత బీటలిస్తుంది. స్క్రూలు తీసి, అంచు కింద పలుచని బ్లేడు ఆడించి వదులు చేయాలి. అసలు సంగతి తెలిసేది గొట్టం బయటకు వచ్చాకనే. చాలా పడవల్లో వెనుక బల్లకు లోపల చెక్క ఉంటుంది. అది నల్లబడి, చెమ్మగా ఉండి, వేలితో నొక్కితే దిగుతుంటే నీరు ఎన్నాళ్లుగానో లోపలికి పాకుతోందన్నమాట. ఇంజను బరువంతా మోసేది ఆ బల్లే గనుక దీన్ని కప్పిపుచ్చి కొత్త గొట్టం దూర్చడం ఆత్మవంచన.

కుళ్లినంత మేరా తొలిచివేసి, బాగా ఆరనిచ్చి, చిక్కగా కలిపిన ఎపాక్సీతో రంధ్రాన్ని పూర్తిగా నింపాలి. గట్టిపడ్డాక మధ్యలో సరైన కొలతకు మళ్లీ తొలవాలి. అప్పుడు గొట్టం చుట్టూ ఎపాక్సీ గోడే ఉంటుంది, చెక్కకు నీరు తగలదు. మామూలు పాలియెస్టర్ రెసిన్ చెక్కను అంత గట్టిగా పట్టుకోదు, గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది. పట్టీ కింద పడవలకు వాడే పాలియురెథేన్ సీలెంట్ పూయాలి. మొదటిసారి అంచుల వెంట సీలెంట్ ఉబికేంత వరకే బిగించి, ఆరిన తర్వాత మరికాస్త బిగిస్తే చాలు. ఒకేసారి బలంగా తిప్పితే సీలెంటంతా బయటకు పోతుంది.

బిరడా మర గొట్టపు మరతో సరిపోవాలి. దగ్గరలో ఉన్న ఏదో బిరడా తిప్పేసి సరిపెట్టుకునే అలవాటు మానుకోవలసి ఉంది. తూము పక్కనే కోసుగా చెక్కిన చెక్క మేకు ఒకటి తాడుతో కట్టి ఉంచుకుంటే, నడిసముద్రంలో బిరడా పోయినా దాన్ని దిగగొట్టి దరికి చేరవచ్చు.

పని ముగిశాక పడవను నీటిలోకి దించి చూడనక్కరలేదు. ఒడ్డునే బిరడా బిగించి, లోపల తూము మునిగేంత నీరు పోసి, వెలుపలి అంచును పొడి గుడ్డతో తుడిచి గంటసేపు వదిలేయాలి. గుడ్డకు మళ్లీ తడి తగిలితే బిగింపు విప్పి మొదటికి రావలసిందే.